రాసినవారికి, పాడినవారికి అభిప్రాయం చెప్పడం ఎలా? మన ప్రాంత తెలుగు ఇళ్లకు కొన్ని సూచనలు

బట్లహళ్ళి, చింతామణి, బాగేపల్లి వైపు తెలుగు ఇళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒకటి రాస్తూనే ఉన్నారు, పాడుతూనే ఉన్నారు. కాలేజీకి పోయే పాప కవిత రాస్తుంది. పట్టుపురుగులు పెంచే రైతు తత్వం కట్టి పాడతాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే అబ్బాయి ఊరి జాతర మీద చిన్న చిత్రం తీస్తాడు. ఫోన్ చేతికి వచ్చాక ఇవన్నీ నిమిషంలో బంధువులందరికీ చేరుతున్నాయి. తిరిగి వచ్చే జవాబులు మాత్రం ఎక్కువగా రెండు రకాలే. ఒకటి చప్పట్ల బొమ్మ, లేకుంటే ‘సూపర్’. రెండోది ‘ఇది తెలుగేనా?’ అనే ఎకసెక్కెం. రాసినవారికి ఈ రెండూ పనికిరావు. మొదటి దానివల్ల తన రచనలో ఏది బాగుందో తెలియదు. రెండోదానితో చాలామంది రాయడమే మానేస్తారు.

పనికివచ్చేలా అభిప్రాయం చెప్పడం నేర్చుకోదగిన పనే. తెలుగు విమర్శలో, మన పల్లెల నాటకాల్లో ఇందుకు మంచి మాదిరులున్నాయి. వాటితోపాటు సరిహద్దు తెలుగువాళ్లుగా మనం ప్రత్యేకంగా గమనించవలసిన సంగతులను ఇక్కడ ఒకచోట చేర్చి ఇస్తున్నాం.

మనకు ఇది ఎందుకు ముఖ్యం

2011 జనగణన ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 35 లక్షలకు పైనే. మన పిల్లల్లో చాలామందికి బడి భాష కన్నడం, పై చదువుల భాష ఇంగ్లీషు. తెలుగు ఇంటి భాష. తిరుపతిలోనో హైదరాబాదులోనో ఒక పిల్ల కవిత రాస్తే చూసి దిద్దడానికి తెలుగు అయ్యవారు ఉంటారు, గ్రంథాలయం ఉంటుంది, బడిలో పోటీలు ఉంటాయి. ఇక్కడ ఆ కవితకు మొదటి పాఠకులు చిన్నాయన, మేనత్త, పక్కింటి అన్న. చాలాసార్లు చివరి పాఠకులు కూడా వాళ్లే.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెబుతుంది. 1956లో దాన్ని చేర్చారు. ఆ వసతి కోసం అడగడం ఒక పని. ఇంట్లో తెలుగులో నాలుగు పంక్తులు రాసిన పిల్ల ఐదో పంక్తి కూడా రాసేలా చూసుకోవడం ఇంకొక పని. రెండోదానికి ఎవరికీ అర్జీ పెట్టనక్కర్లేదు. మన చేతిలో ఉన్నదే.

మన ముందున్న మాదిరులు

ఆధునిక తెలుగు విమర్శకు తొలి గ్రంథాల్లో ఒకటిగా చెప్పుకునే ‘కవిత్వతత్త్వ విచారము’ 1914లో వచ్చింది. దాన్ని రాసిన కట్టమంచి రామలింగారెడ్డి చిత్తూరు వైపువారు. మైసూరు మహారాజా కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు, తర్వాత మైసూరు సంస్థానపు విద్యాశాఖను నడిపారు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో కథ అల్లిన తీరును ఆయన విప్పి చూపించారు. అదే పుస్తకంలో ప్రబంధ కవుల అతివర్ణనలను మొగమాటం లేకుండా తప్పుపట్టారు. మెచ్చుకోలుకూ తప్పుపట్టడానికీ రెండింటికీ కారణం చెప్పడం ఆయన పద్ధతి.

అదే మహారాజా కళాశాలలో 1912 నుంచి సుమారు 38 ఏళ్లు తెలుగు చెప్పినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. ఆయన సంగీత విద్వాంసులు కూడా. 1920ల చివర వేమన మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. అందులో వేమనను దేవుణ్ణి చేసి కూర్చోబెట్టలేదు, చదువురాని కవి అని తీసిపారేయనూ లేదు. మనిషిని, కాలాన్ని, పద్యాన్ని పక్కపక్కన పెట్టి తూచారు.

తర్వాతి కాలంలో రెండు భిన్నమైన తీరులు కనిపిస్తాయి. కడప నుంచి ‘సంవేదన’ పత్రిక నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి, అంటే రారా, కటువైన విమర్శకులుగా పేరుపొందారు. కానీ కటువుగా అన్న ప్రతి మాటకూ రచనలోంచే ఆధారం చూపేవారు. భాషాశాస్త్ర ఆచార్యులు చేకూరి రామారావు ‘చేరాతలు’ శీర్షికలో కొత్త కవులను పరిచయం చేస్తూ, ఒక కవితలోకి ఎటునుంచి వెళ్తే అది తెరుచుకుంటుందో పాఠకుడికి చూపేవారు. ఇంట్లో కొత్తగా రాసేవారి విషయంలో మనకు చేరా దారి నప్పుతుంది. రారా దగ్గర మాత్రం ఒకటి తప్పక నేర్చుకోవాలి. ఆధారం చూపలేని మాట అనకూడదు.

రచన తిరగరాస్తే ఎంత మారుతుందో చెప్పడానికి ‘కన్యాశుల్కం’ చాలు. గురజాడ అప్పారావు ఆ నాటకాన్ని 1897లో అచ్చువేశారు. 1909లో దాన్ని బాగా పెంచి, మార్చి రెండో కూర్పు తెచ్చారు. ఈనాడు మనం చదివేది, ఆడేది ఆ రెండో కూర్పునే. అంతటి రచయితకే తిరగరాయడం అవసరమైంది కాబట్టి, ‘ఇది ఇంకొకసారి రాసి చూడు’ అనడం ఎవరికీ అవమానం కాదు.

పుస్తకాల దాకా పోకుండానే మన పల్లెల్లో ఇంకొక మాదిరి ఉంది. కురుక్షేత్రం వంటి పౌరాణిక నాటకం నేర్చుకునేటప్పుడు హార్మోనియం ముందు కూర్చున్న మేష్టరు పద్యం మధ్యలోనే ఆపుతాడు. శ్రుతి తప్పిందని, మాట మింగేశావని అక్కడికక్కడ చెబుతాడు. నాటకం నాటి రాత్రి మాత్రం ఆయన ఎవరినీ ఆపడు. జనం కూడా తప్పులు లెక్కపెట్టరు, నచ్చిన పద్యానికి ‘వన్స్‌మోర్’ అంటారు. దిద్దడానికి ఒక వేళ, మెచ్చడానికి ఒక వేళ ఉన్నాయని మన పెద్దలకు బాగా తెలుసు. ఫోన్‌లో వచ్చిన రచనకూ ఇదే లెక్క వర్తిస్తుంది. పదిమంది చూసే చోట మెచ్చినదాన్ని చెప్పాలి. దిద్దుబాటు ఆ మనిషికి విడిగా చెప్పాలి.

చెప్పే క్రమం

1. ముందు అడగండి. ‘ఊరికే చూడమని పంపినావా, అభిప్రాయం చెప్పమంటావా?’ అన్న ఒక్క ప్రశ్న సగం గొడవలను ఆపుతుంది. ఊరికే పంపినవారికి దిద్దుబాట్లు అక్కర్లేదు.

2. రెండుసార్లు చదవండి లేదా వినండి. మొదటిసారి అడ్డుపడిన మాట రెండోసారి సరిగ్గానే తోచవచ్చు.

3. మీకేం అర్థమైందో చెప్పండి. ‘ఇది వాన కోసం ఎదురుచూసే రైతు మాట అనుకున్నాను’ అంటే రాసినవారికి తన బాణం ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. మీరు పొరపాటుగా అర్థం చేసుకున్నా అది వారికి ఉపయోగమే.

4. నిలిచిన చోటు చూపండి. ‘బాగుంది’ అనేది సరిపోదు. ఏ పంక్తి, ఏ మాట, పాటైతే ఏ చరణం అన్నది చెప్పండి.

5. అడ్డుపడిన చోటు చూపి కారణం చెప్పండి. ఒకటి రెండింటికి మించవద్దు. పది తప్పులు ఒకేసారి చెబితే వినేవారికి ఒక్కటీ తలకెక్కదు.

6. మీరే తిరగరాసి ఇవ్వకండి. ఎక్కడ ఏం తోచిందో చెప్పి, ఏం చేయాలో వారికే వదిలేయండి. మీరు మార్చి ఇచ్చిన పంక్తి మీ పంక్తి అవుతుంది, వారిది కాదు.

ఒక ఉదాహరణ

డిగ్రీ చదివే మేనకోడలు తన అవ్వ మీద పన్నెండు పంక్తుల కవిత పంపిందనుకుందాం. అవ్వ అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తుంది. మంచి గింజలు విత్తనానికి ఒక పక్క, పుచ్చువి ఇంకొక పక్క వేస్తుంది. మనవరాలి చేతిలో పెట్టేది మాత్రం విత్తనం గింజల్లోంచే తీసి పెడుతుంది. చివరి మూడు పంక్తుల్లో అవ్వలందరూ దేవతలని, వారి ప్రేమ సముద్రమని ఉంది.

‘చాలా బాగుంది పాపా, దేవుడు చల్లగా చూడాల’ అంటే అది దీవెన. అభిప్రాయం కాదు. ‘ఇందులో కవిత్వం యాడుంది? వచనం విరిచి రాసినావు’ అంటే ఆ పిల్ల మళ్లీ పంపదు.

పనికివచ్చే జవాబు ఇట్లా ఉండవచ్చు: ‘పాపా, రెండుసార్లు చదివినాను. విత్తనానికి దాచిన గింజ నీ చేతిలో పెట్టిందన్న చోట ఆగిపోయినాను. మా అమ్మ గుర్తొచ్చింది. ఆ ఒక్క పనితోనే ఆమె ప్రేమ తెలిసిపోయింది. దాని తర్వాత దేవత, సముద్రం అన్నప్పుడు మా అవ్వ పోయి అందరి అవ్వ అయిపోయినట్లు తోచింది. చివరి మూడు పంక్తులు మూసిపెట్టి ఒకసారి చదివి చూడు. ఉంచాలా తీయాలా అన్నది నీ ఇష్టం.’

ఈ జవాబు పెద్ద చదువులు చదివినవారే ఇవ్వాలని లేదు. శ్రద్ధగా చదివినవారెవరైనా ఇవ్వగలరు. ప్రాచీన అలంకార శాస్త్రం ఇట్లాంటి పాఠకుణ్ణి ‘సహృదయుడు’ అంది. 9వ శతాబ్దపు ఆనందవర్ధనుడి నాటినుంచి ఆ మాటకు గౌరవం ఉంది. రాసినవారి హృదయంతో సమానంగా స్పందించేవాడని దాని భావం.

యాసను తప్పు అనవద్దు

మన ప్రాంతపు రచనలకు ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే. పత్రికల్లో, టీవీల్లో వినిపించే తెలుగుతో పోల్చి మన మాటను తప్పు అంటారు. మనవాళ్లే అంటారు. కింది మాటలు దేనికీ దిద్దుబాటు అక్కర్లేదు.

• చెనిక్కాయలు (ఇతర చోట్ల వేరుశనగ, పల్లీలు)
• బొరుగులు (మరమరాలు)
• ఎనుము (గేదె, బర్రె)
• అంగడి (దుకాణం, కొట్టు)
• మాపటికి (సాయంత్రానికి)
• యాడ, యాడికి (ఎక్కడ, ఎక్కడికి)
• వచ్చినాడు, చేసినాడు (వచ్చాడు, చేశాడు)

ఇందులో ఎనుము, అంగడి పాత తెలుగు మాటలు. ‘చేసినాడు’ వంటి రూపం కావ్యభాషలో ఉన్నదే. చిత్తూరు జిల్లా పల్లె మాటతో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ రాశారు. పులికాట్ సరస్సు వైపు తెలుగుతో స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ రాశారు. తెలుగు పాఠకులు ఆ యాస కోసమే వాటిని వెతికి చదివారు. మన పిల్లల రాతలో మన మాట కనిపిస్తే సంతోషించాలి.

మరి చెప్పవలసినవి ఏమిటి? ఒకటి, నిలకడ. ఒకే మనిషి నోట మొదట ‘వచ్చినాడు’, నాలుగు పంక్తుల తర్వాత ‘వచ్చాడు’ అని ఉంటే, కారణం ఉందేమో అడగాలి. రెండు, కన్నడంలో ఒక అర్థం, తెలుగులో ఇంకొక అర్థం ఉన్న మాటలు. కన్నడంలో ‘అవసర’ అంటే తొందర, తెలుగులో ‘అవసరం’ అంటే కావలసి ఉండటం. కన్నడంలో ‘తిండి’ అంటే చాలాసార్లు పొద్దుటి పలహారం, తెలుగులో ఏ ఆహారమైనా తిండే. రెండు భాషల మధ్య పెరిగినవారి రాతలో ఇవి కలిసిపోతాయి. మన ఊళ్లో అందరికీ అర్థమవుతుంది, కర్నూలులో చదివేవారికి వేరుగా అర్థమవుతుంది. ఎవరి కోసం రాశారో అడిగి, ఆ లెక్కన చెప్పాలి.

లిపి సంగతి

తెలుగును కన్నడ లిపిలో రాసేవారు మనలో ఎందరో ఉన్నారు. అది తెలుగు రానట్లు కాదు. కైవార తాతయ్యగా మనం కొలిచే యోగి నారేయణ యతీంద్రులు తెలుగులో, కన్నడంలో తత్వాలు చెప్పారు. ఆయన తెలుగు తత్వాలను కన్నడ లిపిలో అచ్చువేసిన పుస్తకాల్లో చూసి పాడే భజన బృందాలు మనకు కొత్త కాదు. కాబట్టి ‘ముందు అక్షరాలు నేర్చుకో’ అని ఎవరినీ వెనక్కి పంపకండి. ముందు రచన చదవండి. తెలుగు లిపిలో కావాలంటే ‘అక్షరముఖ’ వంటి లిపి మార్పిడి సాధనాలున్నాయి. మార్చాక ఒకసారి గొంతెత్తి చదివి, అక్షరదోషాలు సరిచూసి ఇస్తే అదే పెద్ద సాయం.

ఏ రచనలో ఏం చూడాలి

పద్యం: నియమం తెలిస్తేనే నియమం గురించి మాట్లాడండి. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. 2, 4 పాదాలకు ఐదు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. ప్రాస నియమం లేదు, యతికి బదులు ప్రాసయతి చెల్లుతుంది. ఇది తెలియకుండా ‘ప్రాస కుదరలేదు’ అంటే తప్పు మనదవుతుంది. తెలిసినవారు ‘మూడో పాదంలో యతి చూసుకో’ అంటే చాలు.

పాట, తత్వం: తాళంలో మాట ఇముడుతోందా, ఊపిరి తీసుకునే చోట అర్థం తెగుతోందా చూడండి. ఫోన్ రికార్డులో గొంతు వినిపించకపోతే అది పాడినవారి దోషం కాదు. రికార్డు సంగతి వేరుగా చెప్పండి.

కథ: ఎక్కడ ఆసక్తి తగ్గింది, ఎవరి మాట ఎవరిదో ఎక్కడ తెలియలేదు, ముగింపు నమ్మారా లేదా. ఈ మూడు చెబితే కథ రాసినవారికి కావలసింది దాదాపు అందినట్లే.

బొమ్మ, ముగ్గు, చిన్న చిత్రం: ముందు మీ కన్ను ఎక్కడికి పోయిందో చెప్పండి. గీసినవారు చూపదలచినది అదే అయితే పని నెరవేరింది. కాకపోతే దిద్దుబాటు ఎక్కడ కావాలో వారికే తెలుస్తుంది.

దిద్దకూడని వేళలు

చనిపోయినవారి మీద రాసినది వచ్చినప్పుడు భాష గురించి మాట్లాడవద్దు. ఆ మనిషి గురించి మీకు గుర్తున్న ఒక సంగతి చెప్పండి. ఏడాది గడిచాక వారే పుస్తకంగా వేద్దామంటే అప్పుడు దిద్దవచ్చు.

పెద్దవాళ్లు పాత పాట పాడి పంపినప్పుడు కూడా దిద్దుబాటు వద్దు. డెబ్బై ఏళ్ల అవ్వ పాడిన మంగళహారతిలో మాట మీకు తెలిసిన పాఠంలా లేకపోవచ్చు. అది తప్పు కాకపోవచ్చు, ఆ ఊరి పాఠం కావచ్చు. ‘ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావు అవ్వా? ఏ పండుగకు పాడతారు?’ అని అడిగి రాసి పెట్టుకోండి. ఈ ప్రశ్న అడగకపోతే ఆ పాఠం ఆమెతోనే పోతుంది.

పదేళ్లలోపు పిల్లలకు తప్పులు చెప్పడం కంటే ఇంకొంచెం చెప్పమనడం మేలు. ‘ఆ కుక్కపిల్ల తర్వాత యాడికి పోయింది?’ అంటే వాళ్లు ఇంకొక పేజీ రాస్తారు.

ఇతరుల రచనను తన పేరుతో పంపినట్లు అనుమానం వస్తే నలుగురిలో అనకండి. ‘ఇట్లాంటిది ఇంతకుముందు చదివినాను, నీకు ఎక్కడ దొరికింది?’ అని విడిగా అడగండి. చాలామంది ఎవరిదో తెలియకనే ముందుకు పంపుతారు.

అభిప్రాయం తీసుకునేవారికి

రాసినవారికీ ఒక బాధ్యత ఉంది. ఏం కావాలో చెప్పి పంపాలి. ‘ముగింపు కుదిరిందా చూడండి’ అంటే చదివేవారికి పని సులువు. జవాబు వచ్చిన వెంటనే వాదించవద్దు. ఒక రోజు ఆగి మళ్లీ చదవండి. ఒక్కరు అన్నది అభిరుచి కావచ్చు, ముగ్గురు వేరువేరుగా ఒకే చోట ఆగారంటే అక్కడ ఏదో ఉన్నట్లు. ఎవరి మాట తీసుకున్నా తీసుకోకపోయినా, చదివినందుకు కృతజ్ఞత చెప్పాలి.

ఇంటి వాళ్ల అభిప్రాయం దాటి పోదలచినవారు పత్రికలకు పంపవచ్చు. అమెరికాలోని తెలుగువారు 1998లో మొదలుపెట్టిన ‘ఈమాట’ పత్రిక రచనలను ప్రచురణకు ముందే పరిశీలకులకు చదివించే పద్ధతి పాటిస్తోంది. తిరిగి వచ్చిన రచన వెంట అభిప్రాయం కూడా వస్తే దాన్ని దాచుకోండి, తర్వాతి రచనకు పనికొస్తుంది.

తెలుగు చదవడం వచ్చినా రాయడం రాదని కొందరు పెద్దలు జవాబే ఇవ్వరు. రాయనవసరం లేదు. ఏ మాట దగ్గర ఆగారో, ఎందుకు ఆగారో మన తెలుగులోనే ఒక నిమిషం మాట్లాడి పంపండి. పంపినవారు ఎదురుచూసేది దాని కోసమే.